తెర మీద కనిపించిన పత్రం మన దగ్గరికి వచ్చినట్టేనా? పీడీఎఫ్‌ల విషయంలో బ్రౌజర్ ఎవరి మాట వింటుంది

హాల్ టికెట్లు వదిలిన రోజు సాయంత్రం తిరుపతి బాలాజీ కాలనీలో ఏ నెట్ సెంటర్‌కు వెళ్లినా రెండు మాటలు వినిపిస్తాయి. "అన్నా, ఓపెన్ అవతా ఉంది గానీ డౌన్‌లోడ్ కాలేదు" అని ఒకరు. "నాకు డౌన్‌లోడ్ అయిపోతా ఉందన్నా, ఓపెనే కాలేదు" అని పక్క కంప్యూటర్ దగ్గర ఇంకొకరు. ఇద్దరూ నొక్కింది ఒకే లింకు. షాపతను ఇద్దరికీ ఏదో ఒకటి చేసి ప్రింటు ఇచ్చి పంపిస్తాడు. ఎందుకలా జరిగిందో చెప్పే తీరిక అతనికి ఉండదు, వెనక ఇంకా పదిమంది నిలబడి ఉంటారు.

ఆ ఎందుకో తెలుసుకోవడం మాత్రం మనందరికీ అవసరమే. కుల ధ్రువీకరణ పత్రం, కరెంటు బిల్లు, పొలం 1బి, పరీక్ష ఫలితం, దర్శనం టికెట్ అన్నీ ఇప్పుడు పీడీఎఫ్‌ల రూపంలోనే వస్తున్నాయి. వెబ్‌సైట్ల పని చేస్తూ నేను చూసే చిక్కుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. తెర మీద పత్రం కనిపించగానే అది మన దగ్గరికి వచ్చేసిందని అనుకుంటాం. కనిపించడం వేరు, చేతికి రావడం వేరు. ఈ రెండింటిలో ఏది జరగాలో ముగ్గురు తేలుస్తారు: ఫైలు పంపే సర్వర్, లింకు పెట్టిన పేజీ, మన బ్రౌజర్‌లోని సెట్టింగ్. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో తెలిస్తే టెన్షన్ చాలావరకు తగ్గిపోతుంది.

ముందుగా కొంచెం పాత సంగతి. అడోబ్ 1993లో పీడీఎఫ్‌ను తెచ్చింది. చాలా ఏళ్లు బ్రౌజర్లకు దాన్ని చదవడం రాదు. అడోబ్ రీడర్ ఇన్‌స్టాల్ చేసుకుంటే దానితోపాటు ఒక ప్లగిన్ వచ్చి బ్రౌజర్‌లో చేరేది, పీడీఎఫ్‌ను అదే చూపించేది. ప్లగిన్ పాతదైతే బ్రౌజర్ మొత్తం ఆగిపోయేది, భద్రత లోపాలు కూడా దాని దారినే లోపలికి వచ్చేవి. 2010లో క్రోమ్ తన సొంత వ్యూయర్‌ను తెచ్చుకుంది. దాని వెనకున్న సాంకేతికత ఫాక్సిట్ కంపెనీది, 2014లో దాన్నే పీడీఎఫియం పేరుతో అందరికీ తెరిచిపెట్టారు. ఫైర్‌ఫాక్స్ ఇంకో దారి పట్టింది. పీడీఎఫ్‌ను పూర్తిగా జావాస్క్రిప్ట్‌తోనే, అంటే వెబ్ పేజీలను నడిపే ప్రోగ్రామింగ్ భాషతోనే, గీసే వ్యూయర్ తయారుచేసి, 2013 ఫిబ్రవరిలో వచ్చిన 19వ వెర్షన్ నుంచి బ్రౌజర్‌లోనే పెట్టేసింది. పాత తరహా ప్లగిన్లను క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో తీసేశాయి. అందుకే ఒకే పీడీఎఫ్ ఒక బ్రౌజర్‌లో చక్కగా, ఇంకోదానిలో వంకరగా కనిపించవచ్చు. దాన్ని గీసే చేతులు వేరువేరు.

సర్వర్ ముందుగా చెప్పే రెండు మాటలు

మనం లింకు నొక్కగానే ఫైలు నేరుగా రాదు. దానికంటే ముందు సర్వర్ కొన్ని వరుసలు పంపుతుంది. వీటిని హెడర్లు అంటారు, మామూలుగా మన కంటికి కనపడవు. అసలైతే ఇంగ్లీషు అక్షరాల్లో ఉండే ఆ వరుసల్లో మన పనికి కావలసినవి రెండు:

కంటెంట్-టైప్: అప్లికేషన్/పీడీఎఫ్
కంటెంట్-డిస్పొజిషన్: అటాచ్‌మెంట్; ఫైల్‌నేమ్="హాల్‌టికెట్.పీడీఎఫ్"

మొదటి వరుస, వస్తున్నది ఏ రకం ఫైలో చెబుతుంది. రకాలను ఇలా పేర్లు పెట్టి చెప్పే పద్ధతి ఈమెయిల్ కోసం పుట్టింది. నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 1992లో దాన్ని రాశారు, వెబ్ దాన్నే తీసుకుంది. రెండో వరుస, వచ్చినదాన్ని ఏం చేయాలో చెబుతుంది. హోటల్లో ఇడ్లీ చెప్పగానే "ఇక్కడే తింటారా, పార్సిలా?" అని అడుగుతారు కదా, ఈ వరుస ఆ ప్రశ్నకు జవాబు. ఇన్‌లైన్ అని ఉంటే బ్రౌజర్ అక్కడికక్కడే తెరిచి చూపిస్తుంది. అటాచ్‌మెంట్ అని ఉంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి దించేస్తుంది. అసలు ఆ వరుసే లేకపోతే, రకం తనకు తెలిసినదైతే చూపిస్తుంది, తెలియనిదైతే దించుతుంది.

మొదటి వరుస తప్పుగా ఉంటే రెండో వరుస బాగున్నా లాభం లేదు. చిన్న చిన్న సైట్లలో తరచూ కనిపించే పొరపాటు ఏమిటంటే, సర్వర్ ప్రతి ఫైలునూ ఆక్టెట్-స్ట్రీమ్ అనే రకంగా పంపడం. అంటే 'ఏవో బైట్లు, ఏమిటో నేను చెప్పను' అన్నమాట. అప్పుడు అది ఎంత చక్కటి పీడీఎఫ్ అయినా క్రోమ్ తెరవదు, దించుతుంది. దీనికి తలకిందుల పొరపాటు పీడీఎఫ్‌ను ఉత్త టెక్స్ట్ అని పంపడం. అలాంటప్పుడు కొన్నిసార్లు శాతం గుర్తుతో మొదలై, పీడీఎఫ్ అన్న ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాత పేజీలకు పేజీలు అర్థంకాని గుర్తులు వస్తాయి. ఫైలు పాడైపోలేదు. ప్రతి పీడీఎఫ్ లోపల మొదలయ్యేది ఆ అక్షరాలతోనే. మామూలుగా కనిపించనిది కనిపించిందంతే.

మరి ఆ మొదటి అక్షరాలు చూసి బ్రౌజర్ తనంతట తానే రకం పసిగట్టవచ్చు కదా అనిపిస్తుంది. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అలాగే ధారాళంగా ఊహించేది. దాంతో ఫొటో పేరుతో అప్‌లోడ్ చేసిన ఫైలు లోపల స్క్రిప్ట్ దాచి, చూసినవాళ్ల బ్రౌజర్‌లో దాన్ని నడిపించే దాడులు మొదలయ్యాయి. అందుకని 2008లో ఆ బ్రౌజర్ 8వ వెర్షన్ సమయంలో 'ఊహించవద్దు, నేను చెప్పిందే నమ్ము' అని సర్వర్ ఆదేశించే హెడర్ ఒకటి తెచ్చారు. ఇప్పుడు జాగ్రత్తగల సైట్లన్నీ దాన్ని పంపుతాయి. భద్రతకు అది చాలా మంచిది. కాకపోతే ఆ మాట చెప్పాక రకం కూడా సరిగ్గా చెప్పాలి.

మన చేతిలో ఉన్నది

ఇక మన వంతు. క్రోమ్‌లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అడుగున అదనపు కంటెంట్ సెట్టింగ్స్ చూస్తే పీడీఎఫ్ డాక్యుమెంట్స్ అని ఉంటుంది. అందులో రెండే దారులు: దించుకో, లేదా క్రోమ్‌లోనే తెరువు. ఎడ్జ్‌లోనూ ఇలాంటి స్విచ్ ఉంది, వెర్షన్ మారినప్పుడల్లా అది ఉండే చోటు మారుతుంది. సెట్టింగ్స్ పైనున్న వెతుకులాట పెట్టెలో పీడీఎఫ్ అని టైపు చేయడం తేలిక. ఫైర్‌ఫాక్స్ ఈ విషయంలో అందరికంటే ఉదారం. జనరల్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్ పట్టిక తెరిస్తే ఒక్కో రకం ఫైలుకు విడిగా చెప్పుకోవచ్చు: ఇక్కడే తెరువు, దాచిపెట్టు, ఫలానా ప్రోగ్రామ్‌లో తెరువు, లేదా ప్రతిసారీ నన్ను అడుగు.

నెట్ సెంటర్లో పక్కపక్క కంప్యూటర్లు వేరువేరుగా ప్రవర్తించడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. ఒకదానిలో ఎవరో ఎప్పుడో ఆ స్విచ్ మార్చి వెళ్లారు.

ఒక తేడా గమనించాలి. సర్వర్ 'చూపించు' అన్నదాన్ని 'దించు'గా మార్చడం మనకు తేలిక. 'దించు' అన్నదాన్ని 'చూపించు'గా మార్చడం అంత తేలిక కాదు. క్రోమ్ అటాచ్‌మెంట్ అనే మాటకు కట్టుబడి ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ కొంత మధ్యేమార్గం పట్టింది: ఫైలును దించి, వెంటనే ట్యాబ్‌లో తెరిచి కూడా చూపిస్తుంది. నా మటుకు నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. పత్రం చూశామన్న తృప్తీ ఉంటుంది, ఫైలూ దగ్గర ఉంటుంది.

ఈ సెట్టింగులు పీడీఎఫ్‌లకే. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను బ్రౌజర్లు తమంతట తాము చదవలేవు. ఎడ్జ్ వాటిని మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ వ్యూయర్‌కు అప్పగించి చూపిస్తుంది, మిగతావి దించేస్తాయి.

ఇంకో చిక్కు సెట్టింగులా కనపడదు. లింకు నొక్కితే ఏమీ జరగదు. తెరుచుకోదు, దిగదు. చాలాసార్లు ఆ సైటు పీడీఎఫ్‌ను కొత్త కిటికీలో తెరవబోయి ఉంటుంది, పాప్-అప్ బ్లాకర్ ఆపేసి ఉంటుంది. అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు వచ్చి కూర్చుంటుంది. దాన్ని నొక్కి ఆ ఒక్క సైటుకు అనుమతి ఇస్తే పని అయిపోతుంది. మళ్లీ మళ్లీ నొక్కి, సైటు పనిచేయలేదని మర్నాడు రావాలనుకుని బస్సెక్కి వెళ్లిపోయిన వాళ్లను చూశాను. పుత్తూరు నుంచో పలమనేరు నుంచో వచ్చినవాళ్లకు అది ఒక రోజు కూలి.

ప్రింట్ టు పీడీఎఫ్ అసలు ఫైలు కాదు

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోమంటాను. బ్రౌజర్‌లో పత్రం తెరుచుకున్నాక దాన్ని దాచుకోవడానికి రెండు దారులు కనిపిస్తాయి. వ్యూయర్ పైభాగంలో కిందికి చూసే బాణం గుర్తు ఒకటి. కంట్రోల్ పీ నొక్కి ప్రింటర్ పేరు బదులు 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకోవడం ఇంకొకటి. రెండింటివల్లా పీడీఎఫే వస్తుంది, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే అలవాటు కొద్దీ చాలామంది రెండో దారిలో పోతారు.

బాణం నొక్కితే సర్వర్ పంపిన ఫైలు బైటు తేడా లేకుండా మన దగ్గరికి వస్తుంది. ప్రింట్ దారిలో పోతే బ్రౌజర్ ఆ పేజీలను చూసి కొత్తగా ఇంకో ఫైలు తయారుచేస్తుంది. అసలు ఫైలులో కంటికి కనిపించనివి చాలా ఉంటాయి, అవి కొత్తదానిలోకి రావు. వాటిలో ముఖ్యమైనది డిజిటల్ సంతకం.

2011 నవంబరులో మీసేవ మొదలైంది మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే. అప్పటినుంచి డిజిటల్ సంతకం ఉన్న పత్రాలు మనకు మామూలైపోయాయి. ఐటీ చట్టం, 2000 ఆ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. పత్రం అడుగున 'డిజిటల్లీ సైన్డ్ బై' అంటూ కనిపించే పెట్టె ఆ సంతకపు బొమ్మ మాత్రమే. అసలు సంతకం ఫైలు లోపల ఉంటుంది. సంతకం చేశాక ఫైలులో ఒక్క అంకె మారినా లెక్క తప్పి దొరికిపోయేలా ఉండే గణితం అది. ప్రింట్ టు పీడీఎఫ్ చేసిన కాపీలో బొమ్మ ఉంటుంది, గణితం ఉండదు. అలాంటి కాపీని ఉద్యోగానికో స్కాలర్‌షిప్‌కో అప్‌లోడ్ చేస్తే, అవతల సంతకాన్ని సరిచూసే పద్ధతి ఉన్నచోట అది నిలవదు. పత్రం నిజమైనదే, తెచ్చినవాళ్లూ నిజాయితీపరులే, అయినా తిరస్కరిస్తారు.

క్రోమ్ వ్యూయర్ సంతకాన్ని సరిచూడదు. ఈ-ఆధార్‌ను అందులో తెరిస్తే పసుపు రంగు ప్రశ్నార్థకంతో 'వాలిడిటీ అన్‌నోన్' అని కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూసి తమ ఆధార్‌లో ఏదో లోపం ఉందని భయపడతారు. లోపం కాదు, ఇంకా ఎవరూ సరిచూడలేదని దాని అర్థం. ఫైలు దించుకుని అడోబ్ రీడర్‌లో తెరిచి, సంతకం మీద రైట్ క్లిక్ చేసి, వాలిడేట్ చేసి, సంతకం చేసిన సర్టిఫికెట్‌ను నమ్మదగినదిగా చేరిస్తే ఆకుపచ్చ టిక్ వస్తుంది. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ కూడా ఉంటుంది: పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. ప్రింట్ టు పీడీఎఫ్ కాపీకి ఆ పాస్‌వర్డ్ కూడా పోతుంది. ఎవరి చేతికి చిక్కితే వాళ్లు తెరవగలరు.

ఫారాలదీ ఇదే కథ. బ్రౌజర్‌లోనే గళ్లలో వివరాలు నింపి బాణం నొక్కితే, మార్పులతో కావాలా, అసలుది కావాలా అని క్రోమ్ అడుగుతుంది. చూసుకోకుండా అసలుది అని నొక్కితే ఖాళీ ఫారం వస్తుంది. ఇంకోరకం ఫారాలు క్రోమ్ లాంటి బ్రౌజర్‌లో తెరిస్తే 'ప్లీజ్ వెయిట్' అనే ఒక్క పేజీ చూపించి గంటసేపైనా అలాగే ఉంటాయి. కెనడాలో చదువుకు దరఖాస్తు చేసే మన పిల్లలకు ఇది బాగా తెలుసు. అవి ఎక్స్‌ఎఫ్‌ఏ అనే పాత పద్ధతిలో చేసిన ఫారాలు. నెట్ నెమ్మదిగా ఉండటం వల్ల అలా జరగదు, ఎంత వేచి చూసినా లాభం లేదు. దించుకుని అడోబ్ రీడర్‌లో తెరవాలి. 2017లో వచ్చిన పీడీఎఫ్ 2.0 ప్రమాణం ఆ పద్ధతిని పక్కన పెట్టేసింది, పాత ఫారాలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి.

పరాయి కంప్యూటర్‌లో

దించుకోవడమే మేలని ఇంతసేపు చెప్పాను. నెట్ సెంటర్ కంప్యూటర్ దగ్గర దానికి ఇంకో వైపు ఉంది. ఏ నెట్ సెంటర్‌లోనైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఆధార్లు, మార్కుల లిస్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వరుసగా ఉంటాయి. ఇన్‌కాగ్నిటో కిటికీ వాడాం కదా అనుకోవద్దు. ఆ కిటికీ మూస్తే చూసిన సైట్ల చరిత్ర పోతుంది, దించిన ఫైలు మాత్రం ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. మన ఫైలును మన పెన్‌డ్రైవ్‌లోకో మెయిల్‌లోకో పంపుకుని, అక్కడ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేవాలి. షాపు నడిపేవాళ్లు క్రోమ్ డౌన్‌లోడ్స్ సెట్టింగ్‌లో 'ప్రతి ఫైలూ ఎక్కడ దాచాలో అడుగు' అనే స్విచ్ వేసిపెడితే పెద్ద సాయం. కస్టమర్ నేరుగా తన పెన్‌డ్రైవ్‌నే చూపించవచ్చు.

తిరుపతిలో ప్రింటు ఇంకా ఎందుకు ముఖ్యమో బయటి ఊళ్లవాళ్లకు తొందరగా అర్థం కాదు. శ్రీవారి ఆలయంలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, ముందే డిపాజిట్ చేయాలి. టికెట్ ఫోన్‌లో ఉందిలే అనుకుంటే కుదరదు కాబట్టి బస్టాండు, రైల్వేస్టేషన్ పక్క షాపుల్లో తెల్లవారకముందే ప్రింటర్లు నడుస్తుంటాయి. అక్కడ జరిగే పొరపాటు ఒకటి. మన కాగితం ఏ4, పొడవు 297 మిల్లీమీటర్లు. కొత్తగా పెట్టిన ప్రింటర్ చాలాసార్లు అమెరికా లెటర్ సైజుకు ఉంటుంది, దాని పొడవు 279 మిల్లీమీటర్లే. అసలు సైజులో ప్రింటు ఇస్తే పొడవులో 18 మిల్లీమీటర్లు తెగిపోతాయి. అడుగున ఉన్న బార్‌కోడో షరతులో దానితోపాటు పోతాయి. ప్రింట్ కిటికీలో కాగితం సైజు ఏ4 అని మార్చడమే అసలు పరిష్కారం. 'ఫిట్ టు పేపర్' పెడితే అంతా పడుతుంది గానీ, సైజు లెటర్ మీదే ఉంటే బార్‌కోడ్‌తో సహా పేజీ మొత్తం దాదాపు 94 శాతానికి తగ్గుతుంది.

తెలుగు పీడీఎఫ్‌ల ప్రత్యేక కష్టం

బ్రౌజర్‌లో తెలుగు పీడీఎఫ్ తెరిస్తే అక్షరాల బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసి వస్తాయి కొన్నిసార్లు. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద పేర్చారు. ఆ ఫాంటును పీడీఎఫ్ లోపల పొదగకుండా పంపితే, అది లేని కంప్యూటర్‌లో బ్రౌజర్ వేరే ఫాంటు తెచ్చి పెడుతుంది. అప్పుడు కింద ఉన్న ఇంగ్లీషు సంకేతాలు బయటపడతాయి. ఫాంటును పొదిగితే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ కంట్రోల్ ఎఫ్ నొక్కి ఊరిపేరు వెతికితే దొరకదు, కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చెత్త వస్తుంది. కంటిచూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ కూడా ఆ చెత్తనే చదువుతుంది. లబ్ధిదారుల జాబితా ఇలా పెడితే తన పేరు వెతుక్కోవడానికి మనిషి వంద పేజీలూ కళ్లతోనే తిప్పాలి. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇదే. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో కూడా ఒకటి ఉంది. పత్రాన్ని యూనికోడ్‌లో తయారుచేసి, ఫాంటు పొదిగి పీడీఎఫ్ చేస్తే వెతుకులాట చాలావరకు పనిచేస్తుంది. చాలావరకు అనడం ఎందుకంటే, పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్ ఏ ఆకారం ఏ అక్షరానిదో లోపల సరిగ్గా రాసిపెట్టకపోతే ఒత్తులు తారుమారవుతాయి.

ఫైలు పేరు తెలుగులో పెడితే ఇంకో ముచ్చట. హెడర్‌లో నేరుగా తెలుగు అక్షరాలు రాస్తే బ్రౌజర్లు గందరగోళపడతాయి. అందుకని ప్రతి బైటునూ శాతం గుర్తు, రెండు అంకెలుగా మార్చి, ఇది యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే తీరు) అని చెప్పి పంపే పద్ధతి ఉంది. 2011 నాటి వెబ్ ప్రమాణం దాన్ని స్పష్టంగా రాసిపెట్టింది. 'శ్రీ' అనే ఒక్క అక్షరాన్ని తీసుకోండి. శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి లోపల నాలుగు సంకేతాలు. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. హెడర్‌లోకి వెళ్లేసరికి 36 గుర్తులవుతాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైలు పేరుకు ఉండే హద్దు మామూలుగా 255 బైట్లు, అంటే 85 తెలుగు సంకేతాలు. సర్క్యులర్ విషయం మొత్తం ఫైలు పేరుగా పెడితే మధ్యలో తెగిపోవడం ఇందువల్లే.

ఫోన్‌లో

ఆండ్రాయిడ్ క్రోమ్‌కు చాలా ఏళ్లు సొంత పీడీఎఫ్ వ్యూయర్ లేదు. సర్వర్ ఇన్‌లైన్ అన్నా అది దించేసేది. ఈమధ్య కొత్త ఫోన్లలో లోపలే చూపించడం మొదలైంది. ఐఫోన్ సఫారీ ముందునుంచీ చూపిస్తుంది. దించే ఫోన్లలో, తెరుచుకోలేదని నొక్కిన ప్రతిసారీ ఒక కాపీ దిగుతుంది. పేరు చివర బ్రాకెట్లలో 1, 2, 3 అంటూ వరుస కడతాయి. ఫైల్స్ యాప్‌లో డౌన్‌లోడ్స్ చూస్తే అన్నీ అక్కడే ఉంటాయి.

ఏదైనా యాప్ లోపలే తెరుచుకునే చిన్న బ్రౌజర్‌లో లింకు నొక్కితే తెల్లటి తెర తప్ప ఏమీ రాకపోవచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌లు వాడే వెబ్‌వ్యూకు పీడీఎఫ్ చూపించడం రాదు. మూడు చుక్కల మెనూలో 'ఓపెన్ ఇన్ క్రోమ్' నొక్కాలి. అలాగే కొన్ని పోర్టళ్లు టికెట్‌ను మన బ్రౌజర్‌లోనే అప్పటికప్పుడు తయారుచేస్తాయి. అడ్రస్ బార్‌లో బ్లాబ్ అనే మాటతో మొదలయ్యే పొడవాటి అడ్రస్ కనిపిస్తుంది. ఆ అడ్రస్ కాపీ చేసి ఇంట్లోవాళ్లకు పంపితే వాళ్లకు తెరుచుకోదు, ఆ ట్యాబ్ మూస్తే మనకూ తెరుచుకోదు. ఫైలు దించి, ఆ ఫైలునే పంపాలి.

సైటు నడిపేవాళ్లకు

కాలేజీకో పంచాయతీకో సంఘానికో సైటు చూసుకునేవాళ్లు మీలో ఉంటే, మీ చేతిలో చాలా ఉంది. చదువుకుని వదిలేసే సర్క్యులర్, సిలబస్, ఈ-పుస్తకం ఇన్‌లైన్‌గా పంపండి. పెద్ద పుస్తకమైతే వెబ్ కోసం సర్దిన పీడీఎఫ్‌గా దాచండి, సర్వర్ ముక్కలుగా పంపగలిగేలా ఉంచండి. అప్పుడు మొత్తం రాకముందే మొదటి పేజీ కనిపిస్తుంది. అలాంటి పుస్తకంలో 212వ పేజీలోని కీర్తన ఒకరికి చూపించాలంటే, అడ్రస్ చివర # గుర్తు, ఇంగ్లీషులో పేజ్ అనే మాట, = గుర్తు, 212 చేరిస్తే చాలు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ నేరుగా ఆ పేజీకే తీసుకెళతాయి. పుస్తకం మీద అచ్చయిన పేజీ సంఖ్య, ఫైలులో పేజీ సంఖ్య ఒకటి కావని మరిచిపోవద్దు, ముందుమాట పేజీలు కూడా లెక్కలోకి వస్తాయి.

హాల్ టికెట్, సర్టిఫికెట్, రసీదు లాంటివి అటాచ్‌మెంట్‌గా, మనిషికి అర్థమయ్యే పేరుతో పంపండి. అందరికీ ఒకే పేరు పెడితే, ఒకే ఫోన్‌లో అన్నాచెల్లెళ్లిద్దరి టికెట్లు దించిన ఇంట్లో ఏది ఎవరిదో తెలియక పరీక్ష రోజు తెల్లవారుజామున వెతుక్కుంటారు. పేజీ మధ్యలో చిన్న కిటికీ కట్టి పీడీఎఫ్‌ను పొదగడం కంప్యూటర్‌లో అందంగానే ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అక్కడ 'ఓపెన్' అనే బటన్ మాత్రమే వస్తుంది, ఐఫోన్‌లో చాలాకాలం మొదటి పేజీ ఒక్కటే కనిపించేది. పొదిగినా సరే, కింద మామూలు లింకు ఒకటి తప్పకుండా పెట్టండి.

అన్నిటికంటే మేలు, పక్కపక్కనే రెండు లింకులు: 'చూడండి', 'దించుకోండి'. ఫైలు ఒకటే. రెండో లింకుకు డౌన్‌లోడ్ అనే గుణం చేరిస్తే బ్రౌజర్ దాన్ని దించుతుంది. ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. ఆ గుణం పేజీ, ఫైలు ఒకే సైటులో ఉన్నప్పుడే చెల్లుతుంది. ఫైళ్లను వేరే క్లౌడ్ స్టోరేజీలో పెట్టి లింకు మాత్రం మీ పేజీలో ఇస్తే బ్రౌజర్ ఆ మాట పట్టించుకోదు. క్రోమ్ ఇలా చేయడం 2018లో మొదలుపెట్టింది. అలాంటప్పుడు స్టోరేజీలోనే ఆ ఫైలుకు అటాచ్‌మెంట్ హెడర్ పెట్టాలి. పెట్టాక క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, లింకు నొక్కి ఆ రెండు వరుసలూ మీ కళ్లతో చూసుకోండి. తర్వాత డేటా తక్కువగా ఉన్న ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో అదే లింకు ఒకసారి తెరిచి చూడండి. మీ సైటుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది అలాంటి ఫోనే.